గడ్డి బండికి వంట సోడా వైద్యం

అమెరికా వెళ్ళొచ్చానంటే చాలు, అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "నయాగరా చూశారా? లిబర్టీ బొమ్మ చూశారా?" అని. రెండూ చూడలేదండీ! 2024 మార్చి ఆఖరున వెళ్ళి సెప్టెంబరులో తిరిగొచ్చాను. ఆ ఆరు నెలల్లో నేను బాగా చూసిందేమిటయ్యా అంటే, ఎకరంన్నర పచ్చగడ్డి, దాన్ని కోసే ఒక మొండి బండి. నవ్వుతున్నారు కదూ? నవ్వండి. నేను కూడా ముందు నవ్వాను.

మా అమ్మాయి వాళ్ళు ఒహాయో రాష్ట్రంలో, డేటన్ అనే ఊరికి అరగంట దూరంలో ఉంటారు. డేటన్ అంటే విమానం కనిపెట్టిన రైటు సోదరుల సొంత ఊరు. ఊరు దాటితే మొక్కజొన్న చేలు, సోయా చేలు, మధ్యలో విసిరేసినట్టు ఇళ్ళు. ప్రహరీ గోడలు ఉండవు. ఒకరి గడ్డి ఎక్కడ ఆగిందో, పక్కవాళ్ళ గడ్డి ఎక్కడ మొదలైందో కొత్తవాళ్ళకి తెలియదు. మన వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేసుకుంటే ఇంటికి ఎంత కళ వస్తుందో, అక్కడ ఇంటి ముందు గడ్డి సమానంగా కోసి ఉంటే అంత. కోయకపోతే ఊరుకోరు కూడాను. చాలా ఊళ్ళలో గడ్డి ఇన్ని అంగుళాలు దాటకూడదని చట్టమే ఉంది. దాటితే ఉత్తరం వస్తుంది. అప్పటికీ కోయకపోతే వాళ్ళే మనుషుల్ని పంపి కోయించి, బిల్లు మన నెత్తిన వేస్తారు.

శనివారం పొద్దున్న తొమ్మిదయ్యేసరికి చూడాలి! మన పల్లెల్లో నూర్పిళ్ళప్పుడు వినిపించే మోతలాగా నలువైపుల నుంచీ ఒకటే హోరు. ఒక్కొక్కరూ బుల్లి ట్రాక్టరు లాంటి బండెక్కి, టోపీ పెట్టుకుని, చేలో దుక్కి దున్నుతున్నట్టు వరసలు వరసలుగా తిరుగుతారు. దాన్నే రైడింగ్ మోవర్ అంటారు. కడుపు కింద పెద్ద రేకు మూకుడు బోర్లించినట్టుంటుంది. దాన్ని డెక్ అంటారు. దాంట్లో రెండో మూడో బ్లేడ్లు గిరగిరా తిరిగి గడ్డిని కోసి పక్కకి చిమ్ముతాయి.

మా అమ్మాయి వాళ్ళ బండి మాత్రం గ్యారేజీలో గుడ్డ కప్పుకుని పడుకుంది. నడిపే మనిషి కూడా మంచం మీదే ఉన్నాడు మరి. అల్లుడుగారికి మార్చిలో నడుముకి ఆపరేషన్ అయింది. నేను వెళ్ళిందే అందుకు. మూడు నెలలు వంగకూడదు, బరువు ఎత్తకూడదు, కుదుపులుండే బండి ఎక్కనే కూడదు అన్నారు డాక్టర్లు. అమ్మాయికి తన ఉద్యోగం, అయిదేళ్ళ పిల్లాడు, ఈయన మందులు. జీతం సగమే వస్తున్న రోజులు.

ఏప్రిల్ 8న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. మధ్యాహ్నం మూడు దాటాక రెండు నిమిషాలకు పైగా చిమ్మచీకటి! పక్షులన్నీ ఒక్కసారిగా సద్దు మణిగాయి. ఆవకాయ జాడీ మీద వేయడానికి దర్భ ఎక్కడ దొరుకుతుంది? పెరట్లోకెళ్ళి నాలుగు గడ్డి పోచలు తుంపుకొచ్చి వేశాను. "అమ్మా, అది దర్భ కాదే, ఫెస్క్యూ గడ్డి" అని మా అమ్మాయి పడీపడీ నవ్వింది. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వడం నేను వెళ్ళాక అదే మొదటిసారి. (మీకో సంగతి చెప్పనా? టెక్సస్ లాంటి వేడి రాష్ట్రాల్లో ఇంటి ముందు పెంచే బెర్ముడా గ్రాస్ మన వినాయకుడి గరికే. ఒహాయో చలికి అది తట్టుకోలేదు.)

ఏప్రిల్ వానలకి గడ్డి లేచింది. జానెడు, మూరెడు. మధ్యలో పసుపు పచ్చని డాండెలైన్ పూలు. మందు కొట్టని చోటివి లేత ఆకులు కోసి, ఒక పొంగు రానిచ్చి నీళ్ళు వంపేసి పప్పులో వేశాను. కాస్త చేదు తగులుతుంది కానీ చింతపండు, ఎండుమిరపకాయల పోపు పడితే బాగానే ఉంటుంది. ఎంత పప్పు వండితే మాత్రం ఎకరంన్నర తరుగుతుందా? మే మొదటివారంలో ఉత్తరం రానే వచ్చింది. ఏడు రోజులు గడువు.

బాగుచేసే షాపుకి ఫోన్ చేస్తే మూడు వారాల దాకా ఖాళీ లేదన్నారు. వసంతంలో అందరి బండ్లూ ఒకేసారి మొరాయిస్తాయట. డబ్బు తీసుకుని కోసిపెట్టే వాళ్ళు చెప్పిన రేటు వింటే ఆ నెల పిల్లాడి స్కూలు ఖర్చు గుర్తొచ్చింది. ఆ రాత్రి పైగదిలోంచి మాటలు వినపడ్డాయి. "ఈ ఇల్లు అమ్మేద్దాం, చిన్న అపార్ట్‌మెంటు చూసుకుందాం" అని అతను, ఏడుస్తూ ఇది. తెల్లవారుజామున నీళ్ళకి లేచి చూద్దును కదా, గ్యారేజీలో దీపం వెలుగుతోంది. అల్లుడుగారు నడుముకి బెల్టు కట్టుకుని, బండి సీటు పట్టుకుని వంగబోతున్నారు.

"బాబూ, మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, నేను చేస్తాను" అన్నాను.

"అత్తయ్యగారూ, మీరా?" అన్నారు.

ఏం, నాకేం తక్కువ? తెనాల్లో ముప్ఫై ఏళ్ళు ప్రతి ఆదివారం మావారు స్కూటరు విప్పేవారు. పానాలు అందించిందీ, ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దిందీ, కిరసనాయిలు గిన్నె పట్టుకున్నదీ నేనే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ గ్యారేజీలో పెట్రోలు వాసన తగలగానే చెయ్యి గుడ్డపీలిక కోసం వెతుక్కుంది.

పొద్దున్నే పిల్లాడు వెళ్ళి పక్కింటి పెద్దావిడని పిలుచుకొచ్చాడు. ఆవిడకి 74 ఏళ్ళు, ఒంటరిగా ఉంటుంది, తన గడ్డి తనే కోసుకుంటుంది. చేతులకి తోలు గ్లవుజులు, పక్కన ఎర్ర పనిముట్ల పెట్టె. ఆవిడ ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆవిడకి పావు. మా ఇద్దరికీ దుబాసీ మా మనవడు.

తాళం తిప్పితే "టిక్" మని ఒక్క శబ్దం, అంతే. సీటు ఎత్తితే కింద బ్యాటరీ ఉంది. దాని కొమ్ములకి తెల్లగా, పచ్చగా బూజులాంటి పొడి పట్టి ఉంది. పెద్దావిడ పిల్లాడి చెవిలో ఏదో చెప్పింది. వాడు వంటింట్లోకి పరుగెత్తి తెచ్చిందేమిటో తెలుసా? వంట సోడా డబ్బా! గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే బుసబుసా పొంగి ఆ పొడి అంతా వదిలిపోయింది. తరవాత మంచినీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, కాస్త వ్యాజ్‌లైన్ రాశాం. ఇది మీ ఇంట్లో ఇన్వర్టరు, స్కూటరు బ్యాటరీలకి కూడా పనికొస్తుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. నల్ల వైరు, అంటే మైనస్, ముందు విప్పాలి, చివర బిగించాలి. ఎర్ర వైరు విప్పేటప్పుడు పానా పొరపాటున బండి ఇనుముకి తగిలినా నిప్పురవ్వ రాకుండా ఉండడానికి. సోడా నీళ్ళు బ్యాటరీ లోపలికి పోనివ్వకూడదు. చేతులకి తొడుగు, కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి.

ఆ రాత్రంతా చార్జింగు పెట్టాం. మంచి బ్యాటరీ నిండా ఎక్కితే మీటరు మీద 12.6 వోల్టులు చూపిస్తుందట. తెల్లారేసరికి చూపించింది. మా అల్లుడుగారు కుర్చీలోంచే చప్పట్లు కొట్టారు.

సంబరం పది నిమిషాలే. ఇప్పుడు "టిక్" పోయి "గర్ర్... గర్ర్..." మని తిరుగుతోంది కానీ అంటుకోదు. పెద్దావిడ పెట్రోలు మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. "గ్యాస్ ఈజ్ బ్యాడ్" అంది. నేను కంగారుపడి వంటింటివైపు చూశాను, పొయ్యి ఆర్పలేదేమోనని! అక్కడ పెట్రోలునే గ్యాస్ అంటారని అప్పుడు గుర్తొచ్చింది. అక్టోబరులో పోసిన పెట్రోలు అలాగే ఉండిపోయింది. అక్కడి పెట్రోల్లో చాలావరకు 10 శాతం ఇథనాల్ కలిసి ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలు చెడి, సన్నని దారుల్లో బంకలా పేరుకుంటుంది. మన నెయ్యి కూడా అంతే కదా, మూత పెట్టి మరిచిపోతే!

గ్యారేజీ తలుపు బార్లా తీసి, చేతిపంపుతో ఆ పాత పెట్రోలంతా డబ్బాలోకి తోడాం. నోటితో మాత్రం ఎప్పుడూ పీల్చకండి. దాన్ని కాలవలో పోయకూడదు. ప్రమాదకరమైన చెత్త తీసుకునే చోట ఇచ్చిరావాలి. చిన్న ప్లాస్టిక్ ఫిల్టరు మార్చాం. ప్లగ్గు విప్పి చూస్తే నల్లగా మసి. పీటేసుకుని కూర్చుని రుద్దాను. మావారు చూస్తే "ఇంకా రుద్దు, ఇంకా మెరవాలి" అనేవారు.

ఆ తరవాత కార్బొరేటరు. పేరు వింటే భయం కానీ, కింద చిన్న గిన్నె ఒకటి, ఒక్క బోల్టుతో బిగించి ఉంటుంది. విప్పితే అడుగున కుంకుడు రసం గడ్డకట్టినట్టు జిగురు. మధ్యలో ఇత్తడి గొట్టానికి సూది మొనంత రంధ్రం, పూర్తిగా మూసుకుపోయింది. దాన్ని చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన పంపు స్టవ్వు! గుర్తుందా? మంట సరిగా రాకపోతే పిన్నుతో పొడిచేవాళ్ళం కదూ? అమ్మాయిని పిన్ను తెమ్మన్నాను. పెద్దావిడ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. ఇనుప పిన్నుతో పొడిస్తే ఇత్తడి రంధ్రం పెద్దదైపోయి పెట్రోలు ఎక్కువ పోతుందట. పాత వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి ఇచ్చింది. దాంతో మెల్లిగా తీసి, కార్బొరేటరు స్ప్రే కొడితే రంధ్రంలోంచి వెలుగు కనిపించింది.

ఇంకో ముచ్చట. ఇంజను పైన ఫ్యాను మూత విప్పితే లోపల ఎలుక గూడు! దూది, ఎండుగడ్డి, పిల్లాడిదో సాక్సు ముక్క. ఈ ఇంజను చల్లబడేది గాలితోనే. గాలి ఆడకపోతే వేడెక్కి పాడైపోతుంది. స్టార్టు కాకపోవడమే మంచిదైంది అన్నారు అల్లుడుగారు.

కొత్త పెట్రోలు పోసి, నూనె పుల్ల తీసి ఇంజనాయిలు మట్టం చూసి, మూడోరోజు సాయంత్రం తాళం తిప్పితే రెండుసార్లు దగ్గి, నల్లపొగ వదిలి, అంటుకుంది. మా అమ్మాయి నన్ను వాటేసుకుంది. ఆనందంలో నేను సీట్లోంచి లేచాను. టక్కున ఆగిపోయింది! గుండె జారిపోయింది. పెద్దావిడ పకపకా నవ్వింది. నేను బ్రేకు కట్టకుండా లేచాను. సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. అలా లేస్తే ఇంజను ఆగిపోతుంది, మనిషి జారిపడితే బ్లేడు తిరుగుతూ ఉండకుండా. బ్రేకు తొక్కితేనే స్టార్టవుతుంది, బ్లేడు మీట దించి ఉంటేనే స్టార్టవుతుంది. బాగున్న బండి కూడా వీటిలో ఒకటి మరిచిపోతే చచ్చినట్టు పడుంటుందన్నమాట.

నాలుగోరోజు చీర మార్చి అమ్మాయి ప్యాంటు, అల్లుడుగారి బూట్లు వేసుకున్నాను. నా అవతారం ఫోటో మాత్రం అడక్కండి. కొంగు, చున్నీ, వదులు బట్టలు, ఏవీ ఆ బండి దరిదాపులకి రాకూడదు. కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. హారతి మాత్రం వద్దన్నారు, పెట్రోలు దగ్గర నిప్పేమిటని. అదీ నిజమే. పెద్దావిడ ఈ పూజంతా చేతులు కట్టుకుని శ్రద్ధగా చూసింది. మనవడు ఒళ్ళో కూర్చుంటానని పేచీ. చచ్చినా ఒప్పుకోలేదు. వాడు కిటికీ అద్దానికి ముక్కు ఆనించి ఏడ్చాడు.

ముందు మీట బాగా ఎత్తులో పెట్టి కోయమంది పెద్దావిడ. ఒకేసారి మూడోవంతు కన్నా ఎక్కువ కోస్తే గడ్డి నీరసించిపోతుందట. ఏటవాలు దగ్గర అడ్డంగా నడపకూడదు, పైకీ కిందకీ నడపాలి, లేకపోతే బండి బోల్తా పడుతుంది. రెండు వరసలు బాగానే వెళ్ళాను. మూడో వరసలో పక్కన గడ్డి చిమ్మే నోరు ముద్దలు ముద్దలుగా మూసుకుపోయింది. బండి ఆపాను కానీ ఇంజను ఆపలేదు. బ్లేడు మీట కూడా దించలేదు. సీట్లోంచే పక్కకి వంగి, చెయ్యి చాపాను. మిక్సీ జారులో చట్నీ అడ్డుపడితే చెంచా పెడతామే, అంత అలవాటుగా!

పెద్దావిడ కేక ఊరంతా వినపడి ఉంటుంది. పరుగెత్తుకొచ్చి తాళం లాగేసింది. నేను వణికిపోతూ ఏదో అనబోయాను. ఆవిడేం మాట్లాడలేదు. ఎడమచేతి గ్లవుజు తీసి చూపించింది. రెండు వేళ్ళు సగానికి లేవు. నాలుగు రోజులుగా ఆవిడ ఆ గ్లవుజు తీయడం నేను చూడలేదని అప్పుడు తట్టింది. మళ్ళీ తొడుక్కుని, "ఫార్టీ ఇయర్స్" అంది, అంతే.

ఆ రోజుకి ఇంక కోయలేదు. నా కాళ్ళలో సత్తువ లేదు. ఇద్దరం గ్యారేజీ మెట్టు మీద కూర్చుని అల్లం టీ తాగాం.

మర్నాడు బ్లేడ్లు విప్పి పదును పెట్టాం. తాళం తీసి, ప్లగ్గు వైరు లాగి పక్కన కట్టేసి, ఆ తరవాతే చెయ్యి. ముందు చక్రాలు ర్యాంపు మీదికెక్కించి, వెనక చక్రాలకి దుంగలు అడ్డం పెట్టాం. ఒక్క జాకీని నమ్ముకుని కిందికి దూరకూడదట. డెక్ లోపల అట్టకట్టిన గడ్డి చెక్కముక్కతో గీకితే బొచ్చెడు వచ్చింది. బ్లేడుని ఆకురాయితో, ముందున్న ఏటవాలు ప్రకారమే రుద్దాలి. కత్తిపీటంత పదును అక్కర్లేదు. వెన్న రాసుకునే చాకంత చాలు. తరవాత మధ్య రంధ్రంలోంచి గోడ మేకుకి తగిలించి చూడాలి. త్రాసులాగా ఎటు మొగ్గితే అటు కాస్త రుద్దాలి. మొగ్గు ఉన్న బ్లేడు తిరిగితే బండంతా వణికి, బేరింగులు పోతాయి. ఈ పని మాత్రం నాకు భలే నచ్చింది. పచారీ కొట్టు కోమటిలాగా కన్ను చిట్లించి ఎంతసేపు చూశానో!

ఆరోరోజుకి ఎకరంన్నరా అయింది. ఏడోరోజు సిటీ బండి ఒకటి వచ్చి, ఇంటి ముందు నెమ్మదిగా వెళ్ళి, ఆగకుండానే వెళ్ళిపోయింది. ఇల్లు అమ్మే మాట నేనున్నన్ని రోజులూ మళ్ళీ వినపడలేదు.

జూన్‌లో అల్లుడుగారు కాస్త నడవగలిగాక మమ్మల్ని డేటన్ తీసుకెళ్ళారు, అమ్మాయి కారు నడిపింది. రైటు సోదరుల సైకిల్ షాపు ఒకటి అక్కడ ఇప్పటికీ ఉంది. ఇంకోదాన్ని హెన్రీ ఫోర్డు కొనుక్కుని 1937లో మిచిగాన్‌లోని తన మ్యూజియానికి తరలించుకుపోయాడు. ఆ అన్నదమ్ములు సైకిళ్ళు బాగుచేసుకునే వాళ్ళే. చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆ షాపులోనే ఆరు వారాల్లో విమానానికి ఇంజను తయారుచేశాడు. 1903లో ఎగిరింది దాంతోనే. దాని శక్తి దాదాపు 12 గుర్రాలు. "మన గడ్డి బండిది ఎంత?" అని అడిగాను. "పద్దెనిమిది అత్తయ్యగారూ" అన్నారు. ఇంటికొచ్చాక ఆ బండిని ఇంకోసారి మర్యాదగా తుడిచాను.

ఊరి బయట హఫ్‌మన్ ప్రెయిరీ అని పెద్ద బయలు ఉంది. 1904, 1905ల్లో వాళ్ళు విమానాన్ని మలుపు తిప్పడం, గుండ్రంగా తిప్పి తీసుకురావడం నేర్చుకున్నది అక్కడే. చూడడానికి ఏమీ లేదు, మొత్తం గడ్డి. నాకు మాత్రం కాళ్ళు కదలలేదు. ఎవరు కోస్తారో ఇదంతా అనుకున్నాను.

సెప్టెంబరులో బయల్దేరే ముందురోజు అమ్మాయికి అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. చలికాలం ముందు పెట్రోల్లో స్టెబిలైజరు పోసి అయిదు నిమిషాలు ఇంజను నడపాలి, బ్యాటరీ విప్పి మంచు పడని చోట పెట్టాలి, ఎలుకలకి దారి మూయాలి అని. పెద్దావిడకి కందిపొడి సీసా ఇచ్చాను. ఆవిడ తన పెట్టెలోంచి చిన్న పానా ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. విమానంలో చేతిసంచీలో పెట్టుకోనివ్వరేమోనని పెద్ద పెట్టెలో చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. వంట సోడా డబ్బా గ్యారేజీ అరలోనే వదిలేసి, వంటింట్లోకి ఇంకోటి కొనుక్కోమన్నాను.